గోపీకృష్ణగారి గులాబీలు

నర్సీపట్నం,
6 జూలై 2025.

చిరంజీవి శరత్‌చంద్రకి మీ బావ అప్పలనరసింహం ఆశీస్సులు.

నేను క్షేమం. మొక్కలు క్షేమం కావు. అందుకే ఈ ఉత్తరం.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. నువ్వు ఇంటికి రాగానే నీ ఫోను మీ అక్క చేతిలోకి వెళ్తుందని నాకు తెలుసు. ఎవరు చేశారో చూస్తుంది, ఎందుకు చేశారో అడుగుతుంది. వాట్సాప్‌లో రాస్తే చదివి, నీకు వినిపించి, నీ బదులు జవాబు కూడా తనే ఇస్తుంది. కనక మీ ఆఫీసు అడ్రసుకి రాస్తున్నాను. పోస్టాఫీసులో కవరు అడిగితే ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, లోపలికెళ్లి బీరువా వెతికి తెచ్చింది.

జరిగింది అక్క చెప్పే ఉంటుంది. నా వైపు కూడా విను. మాకవరపాలెం స్కూల్లో నాతో పనిచేసిన మేష్టర్లు ఇద్దరు వచ్చారు. డాబా మీద గులాబీలు చూసి, "అమ్మగారు ఒక్కరే ఇంత పని ఎలా చేస్తున్నారండీ" అన్నారు. నేను సరదాకి, "ఆవిడకి ఈ మొక్కలు తప్ప వేరే పనేముంది?" అన్నాను. అక్క కాఫీ కప్పులు పట్టుకుని మెట్ల మీదే ఉంది. ఆ రోజు నా కాఫీలో పంచదార పడలేదు. మర్నాడు పొద్దున్న హాల్లో సూట్‌కేసు ఉంది. "ఆ లేని పనేదో రెండు నెలలు మీరు చేసి చూడండి. గులాబీలు మీకు అప్పజెప్పి వెళ్తున్నాను. బతికించండి" అని ఆటో ఎక్కి మీ పార్వతీపురం వచ్చేసింది.

రోజూ రాత్రి ఫోను చేస్తుంది. గ్యాస్ కట్టేశారా, గులాబీలెలా ఉన్నాయి. ఈ రెండే ప్రశ్నలు. దివ్యంగా ఉన్నాయంటాను. పెట్టేస్తుంది.

దివ్యంగా లేవు శరత్తూ. ఆకుల మీద నల్లటి మచ్చలు లేచాయి. మచ్చ చుట్టూ పసుపు అంచు. పట్టుకుంటే ఆకు చేతిలోకి వచ్చేస్తోంది. మందుల షాపుకి వెళ్లి పురుగుమందు తెద్దామంటే, తన కుండీల్లో మందు చుక్క పడితే ఇంట్లో అడుగు పెట్టనని మీ అక్క ఎప్పుడో చెప్పింది. ఇంట్లో దొరికే వస్తువులతో చేసుకునే వైద్యం ఏదైనా ఉంటే కనుక్కుని రాయి.

ఈ గులాబీలు బతికితేనే ఆవిడ తిరిగి వస్తుందని నా లెక్క. ముప్పై ఆరేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, ఇది తప్పదని నా నమ్మకం. ఆవిడ లేకపోతే ఇంట్లో గోడ గడియారం చప్పుడు వినపడుతోంది. ఇన్నాళ్లూ దానికి చప్పుడుందనే నాకు తెలియదు. ఈ మాట మాత్రం ఆవిడతో అనకు.

చెల్లాయి సాహితికి దీవెనలు.

ఇట్లు,
అప్పలనరసింహం


పార్వతీపురం,
11 జూలై 2025.

పూజ్యులు బావగారికి శరత్‌చంద్ర నమస్కారాలు.

మీ కవరు మా ఆఫీసులో సంచలనం. స్టాంపు అంటించిన, చేత్తో రాసిన ఉత్తరం వచ్చి ఎన్నేళ్లయిందోనట. కోర్టు నోటీసు అనుకుని మా మేనేజరుగారు నాకు ధైర్యం చెప్పారు.

బావగారూ, నాకు గులాబీకీ మందారానికీ తేడా పువ్వు పూశాకే తెలుస్తుంది. ఈ ఊళ్లో మొక్కల సంగతి తెలిసిన మనిషి నాకు ఒక్కరే తెలుసు. ఆవిడ మా ఇంట్లోనే ఉంది. అందుకని అక్కనే అడిగాను. భయపడకండి. మా ఆఫీసులో ఒకాయన గులాబీలకి ఇలా అయిందని చెప్పాను. "ఆయన పేరేమిటి?" అంది. అక్కకి పేరు కావాలి కదా. ఎదురుగా కేలండరు మీద కృష్ణుడి బొమ్మ ఉంటే "గోపీకృష్ణ" అనేశాను. ఇక నుంచి మీరు గోపీకృష్ణగారు.

అక్క చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. అది నల్లమచ్చ తెగులు. వానాకాలం వస్తుంది. మచ్చలున్న ఆకులన్నీ తుంచెయ్యాలి. రాలిన ఆకులు కూడా ఏరి దూరంగా పారెయ్యాలి, కుండీలో ఉంచకూడదు. నీళ్లు పొద్దున్నే మొదట్లో పొయ్యాలి, ఆకుల మీద కాదు. ఆకు రాత్రంతా తడిగా ఉంటే తెగులు పాకుతుందట. లీటరు నీళ్లలో అర చెంచా వంటసోడా, నాలుగు చుక్కలు వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి వారానికోసారి చల్లాలి. ఎండలో చల్లకూడదు.

చివర్లో, "సాయంత్రం పూట ఆకుల మీద బకెట్లతో గుమ్మరిస్తున్నాడేమో. బుద్ధి ఉన్నవాళ్లెవరైనా అలా పోస్తారా?" అంది. ఇది మీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. వైద్యంలో భాగం కాబట్టి రాశాను.

ఇక్కడ సాహితి ఆనందానికి హద్దు లేదు. అక్క వచ్చాక వంటింట్లోకి వెళ్లే అవసరమే రాలేదంటుంది. అక్క మాత్రం మా బాల్కనీలో ఉన్న ఒక్క మనీప్లాంటు చుట్టూ తిరుగుతోంది. ఊరి ప్రస్తావన తేవడం లేదు.

మీ బావమరిది,
శరత్‌చంద్ర


నర్సీపట్నం,
17 జూలై 2025.

చిరంజీవి శరత్తుకి,

పేరు బాగుంది. బుద్ధి గురించి ఆవిడ అన్న మాట బాగోలేదు. సాయంత్రం ఆకుల మీద పోస్తున్న మాట నిజమే. ఎండకి వాడి ఉంటాయి, స్నానం చేయిస్తే హాయిగా ఉంటుందనుకున్నాను.

ఆకులు తుంచమన్నావు. తుంచాను. ఏది మచ్చ, ఏది మచ్చ కాదు అన్నచోట పరీక్ష పేపరు దిద్దినట్టు కఠినంగానే దిద్దాను. అనుమానం ఉన్నవన్నీ తీసేశాను. మర్నాడు పనిమనిషి జోగులమ్మ డాబా ఊడవడానికి వచ్చి, చీపురు పక్కన పడేసి రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది.

"ఏటి బాబూ ఇది? మొక్కలకి గుండు కొట్టించీసినారేటి? ఏ దేవుడికి మొక్కుకున్నారు?" అంది.

నేను తెగులు గురించి వివరంగా చెప్పి, మొక్కల సంగతి మాత్రం అమ్మగారితో అనొద్దని మాట తీసుకున్నాను. అంతా విని, "అమ్మగోరు బేగి వచ్చీస్తే బాగున్ను" అని వెళ్లిపోయింది. జోగులమ్మకి మాత్రం అంతా అర్థమైంది.

సోడా నీళ్లు చల్లాక మచ్చలు ఆగాయి. కొత్త చిగుళ్లు ఎర్రగా వచ్చాయి. ఆ పూట నేను ఒంటరిగా కాఫీ కలుపుకుని, పంచదార రెండు చెంచాలు వేసుకుని సంబరం చేసుకున్నాను. మూడో రోజుకి ఆ చిగుళ్ల నిండా పచ్చటి చిన్న పురుగులు. ఆవగింజంత కూడా లేవు. ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. చిగురు ముట్టుకుంటే వేళ్లకి జిగురు. చిగుళ్లు ముడుచుకుపోతున్నాయి.

గోపీకృష్ణ తరఫున అడిగి బేగి రాయి. రాత్రి ఫోనులో అక్క "మొగ్గలు తొడిగాయా?" అని కొత్త ప్రశ్న వేసింది. "లెక్కలేనన్ని" అన్నాను. లేనివాటిని ఎవరూ లెక్కపెట్టలేరు, అది మాత్రం నిజం.

నీ బావ,
అప్పలనరసింహం


పార్వతీపురం,
22 జూలై 2025.

బావగారికి నమస్కారాలు.

గోపీకృష్ణగారి మీద అక్కకి అభిమానం పుట్టింది. ముందు ఆ సంగతి చెప్పి తరవాత పురుగుల సంగతి రాస్తాను.

ఆకులన్నీ తుంచేశాడని చెబితే ముందు తిట్టింది. తరవాత, "పోన్లే పాపం. చెప్పింది చెప్పినట్టు చేసే మగవాడు ఈ రోజుల్లో ఎక్కడున్నాడు? ఒక మొక్క కోసం అంత తపన పడుతున్నాడంటే మంచి మనిషే. మీ బావా ఉన్నారు. కుండీకి కాలు తగిలితే కుండీని కసురుతారు" అంది. మర్నాడు నా కేరియర్‌లో ఒక గిన్నె ఎక్కువ పెట్టింది. గోరుచిక్కుడు పాటోళీ. "గోపీకృష్ణగారికి ఇవ్వు. ఆయనకి వండిపెట్టేవాళ్లు ఉన్నారో లేదో" అంది. ఏం చేయను? నేనే తిన్నాను. సాయంత్రం ఆయనకి నచ్చిందా అని అడిగితే, కళ్లనీళ్లు పెట్టుకున్నాడని చెప్పాను. మర్నాడు కంది పచ్చడి వచ్చింది.

ఇప్పుడు పురుగులు. అవి పేనుబంక. ముందు చిగుళ్ల అడుగున నీళ్లు గట్టిగా కొట్టి రాల్చాలి. తరవాత సబ్బునీళ్లు చల్లి, కాసేపయ్యాక మామూలు నీళ్లతో కడగాలి. అప్పటికీ పోకపోతే వెల్లుల్లి, పచ్చిమిరపకాయలు నూరి, నీళ్లలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి చల్లాలి. కళ్లలో పడకుండా చూసుకోవాలి.

పూర్వం పొగాకు నానబెట్టిన నీళ్లు కూడా చల్లేవారట. "అది విషం. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోకూడదు. అంతదాకా వెళ్లొద్దని చెప్పు" అంది అక్క. వెళ్లకండి.

మీ బావమరిది,
శరత్‌చంద్ర


నర్సీపట్నం,
28 జూలై 2025.

శరత్తుకి,

ముందు ఒక్క విషయం తేల్చు. గోపీకృష్ణ నేను. పాటోళీ గోపీకృష్ణకి పంపింది. అది నువ్వెలా తిన్నావు? నేనిక్కడ మధ్యాహ్నం చేసుకున్న అన్నమే రాత్రి మజ్జిగలో కలుపుకుంటున్నాను. ఇన్నేళ్లలో మీ అక్క నన్ను మంచి మనిషి అనడం నేను వినలేదు. ఇప్పుడంది, కానీ వేరేవాడి పేరు మీద. ఆ గోపీకృష్ణ అంటే నాకు ఒళ్లు మండుతోంది. వాడి గొప్పేమిటో నాకర్థం కావడం లేదు.

సబ్బునీళ్లకి పురుగులు తగ్గి, మళ్లీ వచ్చాయి. వెల్లుల్లి దగ్గరికి వెళ్లక తప్పలేదు. మన ఇళ్లలో వెల్లుల్లి గడప దాటి రాదని నీకు తెలుసు. సూరన్న కొట్లో అరకిలో అడిగితే, "మేష్టారూ, ఎవులికి?" అన్నాడు. మొక్కలకి అన్నాను. కొట్లో ఉన్నవాళ్లందరూ నాకేసి చూశారు. మిక్సీలో మిరపకాయలతో కలిపి తిప్పి మూత తీశాను. తరవాత చాలాసేపు నేను డాబా మీద, జోగులమ్మ వీధిలో నిలబడి తుమ్మాం. ఇప్పుడు మీ అక్క మిక్సీలో ఏది వేసినా అదే వాసన. నిమ్మతొక్కలతో తోముతున్నాను.

దానికీ లొంగలేదు. వెళ్లొద్దన్నావని తెలుసు, కానీ చిగుళ్లు నల్లబడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. మళ్లీ సూరన్న దగ్గరికే వెళ్లి పొగాకు కాడ అడిగాను.

"సుట్ట కాలుస్తారేటి మేష్టారూ? ఈ వయసులో కొత్తగా మొదలెట్టకండి. దగ్గొస్తాది" అన్నాడు.

"మొక్కలకి" అన్నాను.

"ఆళ్లకీ దగ్గొస్తాది" అన్నాడు.

చేతులకి పాలిథిన్ సంచులు కట్టుకుని ఒకే ఒక్కసారి చల్లాను. చల్లాక నాకే తల తిరిగింది. ఇంక ముట్టుకోను.

ఇంత చేసినా ఏమిటిది? ఇప్పుడు కొమ్మల సందుల్లో తెల్లగా దూదిలాంటిది కూడా పట్టింది. కుండీల అంచుల మీద చీమలు బారులు తీరి పైకీ కిందకీ తిరుగుతున్నాయి. ఏ కుండీ చూసినా అంతే. ఎవరింటి గులాబీకీ లేని రోగాలు మనింటి గులాబీకే ఎందుకు?

ఇంకో సంగతి. రెండు రోజులుగా అక్క ఫోనులో గొంతు మారింది. నిన్న గ్యాస్ సంగతి కూడా అడగలేదు. "బాగున్నారుగా" అని పెట్టేసింది. గ్యాస్ అడగకపోవడం మంచి లక్షణం కాదు. ఏం జరిగిందో కనుక్కుని రాయి.

అప్పలనరసింహం


పార్వతీపురం,
2 ఆగస్టు 2025.

బావగారికి,

నమస్కారాలు పెట్టుకునే పరిస్థితి లేదు. నేరుగా విషయానికొస్తాను. జోగులమ్మ అక్కకి ఫోను చేసింది.

పాపం ఆవిడ మంచికే చేసింది. మీరు ఒంటరిగా ఉండి ఏదో అయిపోతున్నారని ఆవిడ భయం. నేను పక్క గదిలో ఉన్నాను, అక్క స్పీకరులో పెట్టింది కాబట్టి మొత్తం విన్నాను.

"అమ్మగోరూ, మీరు బేగి రండి. బాబుగోరు వెల్లుల్లి అరకిలో తెచ్చినారు. ఇల్లంతా గబ్బు. పొగాకు కూడా తెచ్చినారు, సుట్ట నేను సూడలేదు గానీ వాసన కొడతాంది. రోజూ లీటరు పాలు ఎక్కువ పోయించుకుంటన్నారు. తేనె సీసాలు, నెయ్యి, పెరుగు, అరిటిపళ్లు. మడిసి సూస్తే సిక్కిపోనారు. అయన్నీ ఏటి సేస్తన్నారో నాకు తెల్దు" అని ఏకధాటిగా చెప్పింది.

అక్క ఫోను పెట్టేసింది. తరవాత ఆగలేదు. "ముప్పై నాలుగేళ్లు వెల్లుల్లి వాసన సరిపడదని పక్కింట్లో తాళింపు వేస్తే కిటికీలు మూయించిన మనిషి! నేనిలా గడప దాటగానే వెల్లుల్లి, చుట్టలు, పాలు, తేనె, నెయ్యి! నేను లేకపోతే ఇంత సుఖంగా ఉందా ఆయనకి! ఉండనీ. రెండు నెలలు అన్నాను కదా, చవితి వెళ్లాకా రాను" అంది. ఆ తరవాత మా మనీప్లాంటుని కడిగింది. ఆకు ఆకునీ కడిగింది.

బావగారూ, వెల్లుల్లీ పొగాకూ ఎందుకో నాకు తెలుసు. మీకూ తెలుసు. చెప్పడానికి వీల్లేదు. చెబితే మొక్కలు పాడయ్యాయని చెప్పాలి. కానీ పాలు, తేనె, అరటిపళ్లు ఎందుకు? తింటున్నారా? తింటుంటే చిక్కిపోవడమేమిటి?

ఇంత కోపంలోనూ గోపీకృష్ణగారి మాట అడిగితే జవాబు చెప్పింది. ఆయన మీద కోపం లేదట. తెల్ల దూది పిండినల్లి. పాత టూత్‌బ్రష్ సబ్బునీళ్లలో ముంచి రుద్ది తీసెయ్యాలి, తరవాత వేపనూనె నీళ్లు చల్లాలి. కానీ చీమల మాట వినగానే చేతిలో పని ఆపేసింది.

"చీమలా? అయితే ఆయన చేసే వైద్యం ఏదీ పనిచెయ్యదు. పేనుబంకని చీమలే కాస్తాయి. మనం ఆవుల్ని పెంచినట్టు పెంచుతాయి. పేనుబంక వదిలే తీపి జిగురు తాగుతాయి, వేరే పురుగులు దాన్ని తినకుండా కాపలా కాస్తాయి. ఒక కుండీకి చీమలుంటే అది వేరు. అన్ని కుండీలకీ ఉన్నాయంటే అక్కడెక్కడో తీపి ఉంది. ముందు ఆ తీపి ఎక్కణ్ణుంచి వస్తోందో చూసుకోమను" అంది.

బావగారూ, పాలు, తేనె, అరటిపళ్లు. నాకు లెక్కలు రావు. మీకొచ్చు.

మీ
శరత్‌చంద్ర


నర్సీపట్నం,
7 ఆగస్టు 2025.

శరత్తుకి,

లెక్క తేలింది. ఈ ఉత్తరం చదివాక చింపెయ్యి.

నేను పంచామృతాభిషేకం చేస్తున్నాను. ఎవరికైనా చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. మీ అక్క రోజూ పూజగదిలో చిన్న శివలింగానికి ఉద్ధరిణెడు పాలు పోస్తుంటే, "రాయికి పాలెందుకు, నా కాఫీలో పొయ్యి" అని ఇన్నేళ్లూ ఎగతాళి చేసినవాణ్ణి నేను. ఆవిడ వెళ్లిన మర్నాడు, ఆవిడ చెప్పింది కదా అని దీపం పెట్టడానికి కూర్చున్నాను. ఆవిడ పీట ఖాళీగా ఉంది. నాకేం తోచిందో తెలియదు. ఒక మండలం పాటు పంచామృతాలతో అభిషేకం చేస్తాను, ఆవిణ్ణి తీసుకురా అని మొక్కుకున్నాను. మొక్కుకున్నాక తక్కువ చేస్తే ఎలా? పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార, పైన అరటిపండు. మీ అక్క చెంచాతో చేసేది నేను చెంబుతో చేశాను.

ఇప్పుడు ఆ నీళ్లెక్కడ పొయ్యాలి? అభిషేకం చేసిన నీళ్లు ఎవరూ తొక్కకూడదు. సింకులో పొయ్యకూడదు, కాలవలో పొయ్యకూడదు. మీ అక్క తులసిలో పోస్తుంది. నాది బకెట్టు. రెండు రోజులకే తులసి తల వాల్చింది. ఆవిడ తులసి పోతే ఇంకేమైనా ఉందా? ఎవరూ తొక్కని చోటు ఇంకెక్కడుందని చూస్తే గులాబీ కుండీలు కనపడ్డాయి. దేవుడి తీర్థం, పాలు, తేనె. మొక్కకి బలం కూడా అనుకున్నాను. ఒక కుండీకి ఎక్కువ, ఒక కుండీకి తక్కువ కాకుండా గ్లాసుతో కొలిచి సమానంగా పోశాను.

అంటే, పొద్దున్న చీమలకి విందు పెట్టి సాయంత్రం పురుగులకి వైద్యం చేశాను. నెలకి పైగా.

నీ ఉత్తరం చదవగానే డాబా మీదకెళ్లి ఒక కుండీ తవ్వాను. మట్టి పులిసిన వాసన. లోపల చీమల గూడు. వేళ్లు నల్లబడి మెత్తగా ఊడి వచ్చాయి. ఇంకోటి తవ్వాను. అదీ అంతే. మిగతావి తవ్వడానికి చెయ్యి రాలేదు. కొమ్మ గీకి చూస్తే ఏ ఒక్కదానిలోనూ పచ్చదనం లేదు. ఆవిడ కడియం నర్సరీల నుంచి తడిగుడ్డ చుట్టి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న మొక్కలు. ఏదీ మిగల్లేదు.

నిన్నటితో మండలం కూడా పూర్తయింది. ఆవిడ రాలేదు. రాదు కూడా. బతికించండి అని చెప్పి వెళ్లింది, నేను తేనె పోసి చంపాను. ఈ మొహం పెట్టుకుని ఆవిడకి ఏం చెప్పను? రాత్రి ఫోను మోగుతుంటే తియ్యలేదు.

నాకు భయంగా ఉంది శరత్తూ. ఆవిడ లేకుండా ఉండడం నాకు చేతకాదు.

అప్పలనరసింహం


పార్వతీపురం,
12 ఆగస్టు 2025.

బావగారికి శరత్‌చంద్ర అనేక నమస్కారాలు.

మీ ఉత్తరం ఆఫీసులో చదివి నవ్వాను. తరవాత మా మేనేజరుగారు మంచినీళ్లు ఇచ్చారు, ఎందుకంటే నవ్వు చివర్లో నవ్వులా లేదట.

మీరు అక్కకి చెప్పమనలేదు, చెప్పొద్దని కూడా రాయలేదు. చింపెయ్యమన్నారు, చింపేశాను. కానీ మీరు ఫోను తియ్యకపోయేసరికి ఆ రాత్రి అక్క అన్నం తినలేదు. జోగులమ్మకి చేసి, మీరు బాగానే ఉన్నారని తెలుసుకున్నాకే పడుకుంది. అందుకని గోపీకృష్ణగారి కథ చెప్పాను.

అక్క చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "గోపీకృష్ణగారికి తీపి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసింది అక్కా. ఆయన భార్య అలిగి పుట్టింటికెళ్లిందట. ఆవిడ రావాలని రోజూ బకెట్టుడు పంచామృతాలతో అభిషేకం చేసి, తొక్కకూడదని ఆ నీళ్లు ఆవిడ గులాబీ కుండీల్లో పోశాడట" అన్నాను.

అక్క పగలబడి నవ్వింది. చిక్కుడుకాయలు ఒళ్లోంచి జారిపోయాయి. సాహితి కూడా వచ్చి కూర్చుంది. "తేనె కూడానా! నెయ్యి కూడానా! అయ్యో పిచ్చి మనిషీ" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేనూ ఆ ఊపులో, "ఒక్కో కుండీకి గ్లాసుతో కొలిచి సమానంగా పోశాడట" అన్నాను. అక్కడే నోరు జారాను.

అక్క నవ్వు ఆగిపోయింది. "సమానంగానా?" అంది. నేను జారిన చిక్కుడుకాయలు ఏరడం మొదలెట్టాను. "పాలు లీటరు. తేనె సీసాలు. అరటిపళ్లు. వెల్లుల్లి" అని ఒక్కొక్కటే అనుకుంది. తరవాత నన్ను చూసి, "శరత్తూ, గోపీకృష్ణ లెక్కల మేష్టారేనా?" అని అడిగింది.

అబద్ధం చెప్పలేకపోయాను బావగారూ. పాటోళీ నేనే తిన్నానని కూడా ఒప్పుకున్నాను. దానికి వీపు మీద ఒకటి పడింది. అది మీ తరఫునే అనుకుంటాను.

చాలాసేపు బాల్కనీలో నిలబడింది. మొక్కలు పోయిన సంగతి చెబితే మనీప్లాంటు ఆకులు తుడుస్తూ వింది. రాత్రి నేనే అడిగాను. "అక్కా, మరి బయల్దేరతావా?" అని. "నన్నెవరైనా రమ్మన్నారా?" అంది. అంతే అంది.

బావగారూ, ఆ మాట నేను మీకు చెబితే పనికిరాదు, గోపీకృష్ణ చెప్పినా పనికిరాదు. మధ్యలో ఆగస్టు పదిహేను సెలవు, ఈ ఉత్తరం శనివారానికి గానీ మీకు అందదు. అందిన వెంటనే అక్కకి ఫోను చెయ్యండి. నేను ఆ రోజు సాహితిని తీసుకుని సినిమాకి పోతాను. ఇంట్లో అక్క ఒక్కతే ఉంటుంది.

మీ
శరత్‌చంద్ర


నర్సీపట్నం,
17 ఆగస్టు 2025, తెల్లవారుజామున.

చిరంజీవి శరత్‌చంద్రకి మీ బావ మనస్ఫూర్తిగా రాస్తున్నది.

ఈపాటికి అక్క నీకు కొంత చెప్పి ఉంటుంది. ఎంతవరకు చెప్పిందో నాకు తెలియదు. ఇంత దూరం నన్ను మోసినవాడివి, మిగతాది తెలుసుకునే హక్కు నీకుంది.

నిన్న నీ ఉత్తరం చదివి, మొహం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫోను చేశాను. ఫోనుకి చొక్కా ఎందుకని అడక్కు. అక్క తీసింది. "చెప్పండి" అంది. నేను రాసుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. "గ్యాస్ కట్టేశాను" అన్నాను.

"మంచిది" అంది.

"చుట్టలు కాల్చలేదు" అన్నాను.

"తెలుసు" అంది.

ఆవిడ పెట్టెయ్యలేదు. అది చూసి కాస్త ధైర్యం వచ్చింది. "బాలా, నువ్వు రా" అన్నాను. చెబితే నవ్వుతావు, పెళ్లయిన ఇన్నేళ్లలో నేను ఆవిణ్ణి రమ్మని పిలవడం ఇదే మొదటిసారి. ఎప్పుడు పుట్టింటికెళ్లినా తనే టికెట్టు కొనుక్కుని తనే వచ్చేది.

"ఎందుకు? మొక్కల్ని చూసుకోడానికా?" అంది.

"మొక్కల్లేవు. ఒక్కటి కూడా లేదు. అన్నీ నేనే చంపేశాను. డాబా మీద ఖాళీ కుండీలున్నాయి. నా కోసం రా" అన్నాను.

ఫోను కట్ అయిందేమో అనుకున్నాను. కాలేదు. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. విజయనగరంలో బస్సు మారి మధ్యాహ్నానికి దిగుతానంది. కూర ఏమీ చెయ్యొద్దంది, ముఖ్యంగా ఆ మిక్సీ ముట్టుకోవద్దంది. ఇప్పుడీ ఉత్తరం డబ్బాలో వేసి బస్‌స్టాండుకే వెళ్తున్నాను. మధ్యాహ్నం బస్సుకి తెల్లారకుండా ఎందుకని అడక్కు. ఇంట్లో కూర్చోలేకపోతున్నాను.

ఫోను పెట్టబోతూ ఆవిడ ఒక మాటంది. రాత్రంతా నేను దాన్నే తలుచుకుని నవ్వుకుంటున్నాను, మధ్యలో కళ్లు కూడా తుడుచుకుంటున్నాను.

"ఈ మాట మొదటి రోజే అని ఉంటే, పాపం ఆ మొక్కలు బతికేవి కదండీ" అంది.

నీ బావ,
అప్పలనరసింహం